46లోంచి 17 తీస్తే 31

తెలుగులో అభివృద్ధి అన్న మాటకు రెండు క్రియలు అతుకుతాయి. ఒక దేశం అభివృద్ధి చెందుతుంది అంటాము. ఒక దేశాన్ని అభివృద్ధి చేస్తాము అని కూడా అంటాము. మొదటి వాక్యంలో కర్త ఆ దేశమే. రెండో వాక్యంలో కర్త మరెవరో, ఆ దేశం కర్మ మాత్రమే. అంతర్జాతీయ అభివృద్ధి అనే రంగంలో ముప్పావు శతాబ్దంగా నడుస్తున్న వాదోపవాదాలను చాలావరకు ఈ రెండు క్రియల మధ్య తగాదాగా చదువుకోవచ్చునని నాకు అనిపిస్తుంది. పేదరికం తగ్గించడంలో చదువు పాత్ర గురించి మాట్లాడేటప్పుడు ఈ తగాదా మరీ ముదురుతుంది. ఎందుకంటే చదువును కూడా మనం రెండు విధాలుగానూ అంటాము: పిల్ల చదువుకుంటుంది, పిల్లను చదివిస్తాము.

ఈ రంగం పుట్టిన రోజు ఏదంటే ఎక్కువ మంది 1949 జనవరి 20ని చూపుతారు. ఆ రోజు అమెరికా అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ తన పదవీస్వీకార ప్రసంగంలో నాలుగో అంశంగా, ప్రపంచంలోని వెనుకబడిన ప్రాంతాలకు తమ సాంకేతిక పరిజ్ఞానాన్ని అందించాలని ప్రతిపాదించాడు. ఆ ఒక్క విశేషణంతో ఎన్నో భాషలు, ఎన్నో చరిత్రలు గల జనమంతా ఒకే వరుసలో నిలబడవలసి వచ్చింది; ఆ వరుసకు ముందు ఎవరున్నారో చెప్పనక్కరలేదు. అంతకు ముందే, 1944 జులైలో 44 దేశాల ప్రతినిధులు బ్రెటన్ వుడ్స్‌లో కూర్చుని ప్రపంచ బ్యాంకుకు, అంతర్జాతీయ ద్రవ్యనిధికి పునాది వేశారు. ఆ బ్యాంకు 1947లో ఇచ్చిన మొట్టమొదటి అప్పు ఫ్రాన్స్‌కు వెళ్లింది. యుద్ధంలో చితికిపోయిన ఫ్రాన్స్ కోలుకుందని అందరూ అన్నారు గాని, ఫ్రాన్స్‌ను ఫలానావారు అభివృద్ధి చేశారని అన్నవారిని నేను ఎక్కడా చూడలేదు.

తొలినాళ్లలో అభివృద్ధి అంటే తలసరి ఆదాయమే. ఆ కొలత చాలదన్న అసంతృప్తి ముదిరి, పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ చొరవతో, అమర్త్యసేన్ తోడ్పాటుతో 1990లో మానవాభివృద్ధి సూచిక వచ్చింది. ఆయుర్దాయం, చదువు, ఆదాయం అనే మూడింటినీ కలిపి ఒక అంకెగా మార్చే పద్ధతి అది. అదే సంవత్సరం ప్రపంచ బ్యాంకు రోజుకు ఒక డాలరు అనే దారిద్ర్యరేఖను గీసింది. ధరల లెక్కలు సవరించినప్పుడల్లా జరుగుతూ వచ్చిన ఆ గీత 2025లో మూడు డాలర్లకు చేరింది. అదే 1990 మార్చిలో థాయ్‌లాండ్‌లోని జోమ్‌టియన్‌లో సమావేశమైన దేశాలు అందరికీ విద్య అనే ప్రతిజ్ఞ చేశాయి. పేదరికానికి చదువే మందు అన్న నమ్మకం అధికారికంగా ఊపందుకున్నది అప్పుడేనని నా అంచనా. ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న 2000 నాటి సహస్రాబ్ది లక్ష్యాల్లో చదువు రెండోది, 2015 నాటి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో నాలుగోది.

ఈ నమ్మకం తప్పని నేను అనబోవడం లేదు. అయితే దాన్ని చెప్పే తీరు నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతోంది. పేద దేశాల విద్యార్థులందరూ చదవడం వచ్చి బడి దాటితే 17.1 కోట్ల మంది పేదరికం నుంచి బయటపడతారని యునెస్కో లెక్క ఒకటి ఏళ్ల తరబడి వేదికల మీద వినబడుతూనే ఉంది. ఇందులో 'దాటితే' అన్న చిన్న మాట ఎంత బరువు మోస్తోందో చూడండి. చదవడం వచ్చినంత మాత్రాన భూమి రాదు, ఉద్యోగం దానంతటది పుట్టదు, కూలి రేటు పెరగదు. పైగా ఈ వాక్యంలో పేదరికం బాధ్యత ఎంతో మర్యాదగా పిల్లల పుస్తకాల సంచిలోకి చేరిపోయింది. పన్నులు, అప్పులు, వాణిజ్య నిబంధనలు, భూమి పంపకం వంటి గొడవలన్నీ పక్కకు తప్పుకుంటాయి. చదువును వ్యతిరేకించేవారు ఏ వేదిక మీదా ఉండరు గనుక, ఎవరికీ కోపం రాని ఏకైక పరిష్కారంగా అది అందరికీ నచ్చుతుంది. నా అనుమానం అక్కడే మొదలవుతుంది.

బడిలో ఏం జరుగుతోందో ముందు చూద్దాము. ప్రపంచ బ్యాంకు 2018 నాటి నివేదికలో భారతదేశపు గ్రామీణ బడుల గురించి ఒక చేదు నిజం ఉంది: మూడో తరగతి పిల్లల్లో నూటికి డెబ్బై మందికి పైగా 46లోంచి 17 తీసివేయడం వంటి లెక్క చేయలేకపోయారు, ఐదో తరగతికి వచ్చినా సగం మందికి అది రాలేదు. ఈ లెక్కను నేను అంకెగా కాక మనిషిగా చూశాను. కొన్నేళ్ల కింద సాయంత్రాలు స్వచ్ఛందంగా పిల్లలకు లెక్కలు చెప్పే రోజుల్లో, సరిగ్గా ఇలాంటి తీసివేతకే ఒక అమ్మాయి 31 అని రాసింది. అజాగ్రత్త అనుకున్నాను. మరో ఇద్దరు కూడా అదే రాశారు. ముగ్గురూ ఒకే తప్పు చేశారంటే అది తప్పు కాదు, పద్ధతి. ఆరులోంచి ఏడు పోదు గనుక ఏడులోంచి ఆరు తీశారు, ఒకటి వచ్చింది. నాలుగులోంచి ఒకటి తీశారు, మూడు వచ్చింది. తీసివేత అంటే పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయడమని ఎవరో చెప్పారు, వాళ్లు దాన్ని నమ్మకంగా పాటించారు. నాలుగు అంటే నాలుగు కాదు, నాలుగు పదులు అన్న సంగతి మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా, వాళ్లకు అందిందో లేదో చూడటానికి ఎవరూ ఆగలేదు. అదే అమ్మాయిని, నీ దగ్గర 46 గవ్వలున్నాయి, నాకు 17 ఇచ్చేస్తే నీకెన్ని మిగులుతాయని అడిగితే, పది ఇస్తే 36, ఇంకో ఆరు ఇస్తే 30, ఇంకొకటి ఇస్తే 29 అని వేళ్ల మీద చెప్పింది. పలకమీద మాత్రం 31 అలాగే ఉండిపోయింది.

ఇది నేను కనిపెట్టినదేమీ కాదు. 1980లలో బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో ముగ్గురు మనోవిజ్ఞాన పరిశోధకులు వీధుల్లో సరుకులు అమ్మే పిల్లల దగ్గరికి కొనుగోలుదారులుగా వెళ్లారు. ఒక కొబ్బరికాయ 35 క్రుజేరోలైతే పది కాయలెంత అని అడిగితే, ఒక పిల్లవాడు మూడు కాయలకు 105, మరో మూడు కలిపితే 210, అలా 315 దాకా వెళ్లి, చివరి కాయ ధర కలిపి 350 అన్నాడు. పదితో గుణించేందుకు పక్కన సున్నా చేర్చడం అతనికి తెలియదు, లేదా ఆ అవసరం రాలేదు. బజారులో ఆ పిల్లలు నూటికి 98 లెక్కలు సరిగా చెప్పారు. అవే లెక్కలను సందర్భమేమీ లేకుండా కాగితం మీద అంకెలుగా ఇస్తే నూటికి 37 మాత్రమే చేశారు. పేద పిల్లలకు తెలివి లేదన్న మాట ఆ రెండు అంకెల మధ్య దూరంలో కూలిపోతుంది. వాళ్లకున్న తెలివికీ, బడి అడిగే తెలివికీ మధ్య వంతెన లేదన్నదే అసలు సంగతి. ఆ వంతెన కట్టకుండా హాజరుపట్టీలో పేర్లు పెంచుకుంటూ పోవడాన్నే అభివృద్ధి అని చాలాకాలం లెక్కించాము.

వంతెన కట్టడం కూడా అనుకున్నంత సులువు కాదు. కెన్యాలో బడులకు పాఠ్యపుస్తకాలు ఉచితంగా పంచి ఫలితాన్ని కొలిచిన అధ్యయనంలో సగటు మార్కులు పెరగలేదు. అప్పటికే బాగా చదివే పిల్లలకు మాత్రమే మేలు జరిగింది. పుస్తకాలు ఇంగ్లీషులో ఉండటం, ఆ ఇంగ్లీషు చాలామంది పిల్లలకు మూడో భాష కావడం అందుకు ముఖ్య కారణం. ఆ పుస్తకాలు మంచి మనసుతో ఇచ్చినవే, కానీ ఆ పిల్లలకు చదవరానివి. దానికి భిన్నంగా, అదే దేశంలో బుసియా ప్రాంతంలో పిల్లలకు నులిపురుగుల మందు ఇస్తే బడి మానడం దాదాపు నాలుగో వంతు తగ్గింది. పుస్తకం కంటే మాత్ర ఎక్కువ చదువు తెచ్చిందని హాస్యంగా అనవచ్చు గాని, అందులో ఒక చురక ఉంది: బయటినుంచి వచ్చినవాడు పిల్లవాడికి ఏం లేదో ఊహించి ఇస్తాడు, వాడి కడుపులో ఏముందో అడగడు.

ఇక అసలు ప్రశ్న. చదువు పేదరికాన్ని తగ్గిస్తుందా? ఒక మనిషి విషయంలో తగ్గిస్తుందని చెప్పడానికి ఆధారాలు బలంగానే ఉన్నాయి. ప్రపంచవ్యాప్తంగా ఎన్నో సర్వేలను కలిపి చూసినప్పుడు, బడిలో గడిపిన ప్రతి అదనపు ఏడాదికీ సంపాదన సగటున తొమ్మిది శాతం మేర ఎక్కువగా కనిపిస్తుంది. తెలివైనవాళ్లే ఎక్కువ చదువుతారు గనుక అది చదువు ఫలితం కాకపోవచ్చునన్న అభ్యంతరం సహజంగానే వస్తుంది. దానికి ఇండోనేషియా ఇచ్చిన సమాధానం నాకు ఇష్టమైనది. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి ఖజానా నిండినప్పుడు ఆ ప్రభుత్వం ఐదారేళ్లలో 61 వేలకు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టింది. ఎక్కడ పిల్లలు బడికి దూరంగా ఉన్నారో అక్కడ ఎక్కువ కట్టింది. ఆర్థికవేత్త ఎస్తర్ డ్యూఫ్లో 2001లో ప్రచురించిన పరిశోధనలో, బడి కట్టేనాటికి చిన్నవాళ్లుగా ఉన్నవారిని, అప్పటికే బడి వయసు దాటినవారిని పోల్చి చూస్తే, చిన్నవాళ్లు ఎక్కువ చదివారనీ, పెద్దయ్యాక ఎక్కువ సంపాదించారనీ తేలింది. బడి అందుబాటులోకి వచ్చిన కారణంగానే జీతం పెరిగింది.

కానీ మనుషుల లెక్క దేశం లెక్కగా కుదరదు. లాంట్ ప్రిచెట్ అనే ఆర్థికవేత్త అదే 2001లో దేశాలను పోల్చి చూసి, జనం చదువు వేగంగా పెరిగిన దేశాల్లో ఉత్పత్తి ఆ మేరకు పెరగలేదని చూపించినప్పుడు ఈ రంగంలో పెద్ద కలకలమే రేగింది. నాకైతే అందులో ఆశ్చర్యం కనబడదు. వంద ఉద్యోగాలకు వెయ్యి మంది నిలబడ్డప్పుడు డిగ్రీ ఉన్నవాడు వరుసలో ముందుకు వస్తాడు. వెయ్యి మందికీ డిగ్రీ ఉంటే వరుస అలాగే ఉంటుంది, డిగ్రీ విలువే పడిపోతుంది. శ్రీలంక 1940లలోనే ఉచిత విద్యను తెచ్చి అక్షరాస్యతలో ఆసియాలో ముందు వరుసలో నిలిచింది. ఆ చదువుకు తగ్గ పని దొరకని యువతే 1971 తిరుగుబాటులో ముందుండింది. దక్షిణ కొరియాను చదువుతో పైకొచ్చిన దేశంగా అందరూ ఉదాహరిస్తారు గాని, 1950 ప్రాంతంలో అక్కడ జరిగిన భూసంస్కరణను మాత్రం వదిలేస్తారు. కౌలుదారు సొంత రైతయ్యాక పిల్లల చదువు మీద పెట్టగలిగిన డబ్బును, పెరుగుతున్న పరిశ్రమలను పక్కనబెట్టి తరగతి గదిని మాత్రమే చూపడం సగం కథ చెప్పడమే. చైనాలోనూ అంతే. అక్కడ అక్షరాస్యత, ప్రాథమిక వైద్యం ముందే విస్తరించాయి, అయినా పేదరికం అలాగే ఉండింది. 1978 తర్వాత సాగు నిర్ణయం రైతు కుటుంబానికి అప్పగించాకే అది వేగంగా కరిగిపోవడం మొదలైంది.

అయితే చదువుతో ఒరిగేది ఏమిటి? నా వాదన ఇది: చదువు పేదరికం మీద చేసే అసలు పనిని మనం జీతంలో వెతుకుతున్నాము, కానీ అది లెక్క అడగడంలో ఉంది. తనకు రావలసింది ఎంతో, వచ్చింది ఎంతో, మధ్యలో ఏమైందో తెలుసుకుని నిలదీయగలిగినప్పుడే మనిషి అభివృద్ధి అన్న వాక్యంలో కర్త అవుతాడు.

దీనికి ఉగాండా కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1990ల తొలి సగంలో అక్కడి కేంద్ర ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలలకు, పిల్లవాడికి ఇంత చొప్పున, జీతాలు కాని ఖర్చుల కోసం నిధులు విడుదల చేసేది. రాజధానిలో రాసుకున్న లెక్కల ప్రకారం డబ్బు పోతూనే ఉంది. దాదాపు 250 బడులకు వెళ్లి లెక్కల పద్దులు తిరగేసిన పరిశోధకులకు 1991, 1995 మధ్య సగటున నూటికి 13 వంతులే బడికి చేరాయని, ఎక్కువ బడులకు అసలేమీ చేరలేదని తేలింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. మిగతాదంతా జిల్లా కార్యాలయాల్లో ఇగిరిపోయింది. అటువైపు తల్లిదండ్రులేమో బడి ఖర్చులో అధిక భాగం తమ జేబులోంచే కడుతున్నారు, తమ పేరున ఒక నిధి ఉందనే చాలామందికి తెలియదు. అప్పుడు ప్రభుత్వం చేసిన పని చాలా చిన్నది. ఏ జిల్లాకు ఎంత పంపిందో పత్రికల్లో వేయించింది, బడికి ఎంత వచ్చిందో తలుపు దగ్గర నోటీసు అంటించమంది. కొన్నేళ్ల తర్వాత మళ్లీ కొలిస్తే నూటికి 80కి పైగా బడికి చేరుతోంది. పత్రిక దొరికే చోటికి దగ్గరగా ఉన్న బడుల్లో మార్పు మరింత ఎక్కువ. ఇదంతా పత్రికల మహిమేనా అన్నదాని మీద తర్వాత వాదన నడిచింది. అదే కాలంలో జరిగిన పాలనా సంస్కరణలకూ ఇందులో వాటా ఉందని కొందరు చూపారు, అది ఒప్పుకోవలసిందే. అయినా తలుపు మీద అంటించిన కాగితాన్ని చదవగల తల్లి ఒక్కతైనా లేకపోతే ఆ కాగితం గోడకు అతికిన బంక మాత్రమే. ఆ కాగితంలో 46 రావలసి 17 మాత్రమే వచ్చిందని ఉంటే, తేడా ఎంతో తెలియాలి కదా. 31 అనుకునేవారితో గుమస్తా వాదిస్తాడు, గెలుస్తాడు కూడా.

ఈ సంగతి అధికారంలో ఉన్నవారికి మనకంటే బాగా తెలుసు. 1963లో బ్రెజిల్‌లోని ఆంజికోస్ అనే ఊళ్లో విద్యావేత్త పౌలో ఫ్రెయిరె బృందం సుమారు 300 మంది కూలీలకు 40 గంటల పాఠాలతో చదవడం, రాయడం నేర్పింది. అప్పటికి ఆ దేశంలో నిరక్షరాస్యులకు ఓటు లేదు. అంటే అక్కడ నేర్చుకున్న ప్రతి అక్షరమూ ఓటర్ల జాబితాలో ఒక పేరు కాబోతోంది. మరుసటి ఏడాది సైన్యం అధికారం చేజిక్కించుకుని ఆ కార్యక్రమాన్ని మూసివేసింది, ఫ్రెయిరెను జైల్లో పెట్టింది. నిరక్షరాస్యుల ఓటుహక్కు 1985లో గాని రాలేదు. 2021 సెప్టెంబరు నుంచి అఫ్గానిస్తాన్‌లో ఆడపిల్లలకు ఆరో తరగతి తర్వాత బడి మూసి ఉంచడాన్ని కూడా నేను ఈ కోణంలోనే చూస్తాను. చదువు కేవలం సంపాదన పెంచేదే అయితే ఏ పాలకుడైనా దాన్ని నెత్తిన పెట్టుకునేవాడు, పన్నులు పెరుగుతాయి గదా.

దాతల వైపు కూడా ఒక లెక్క అడగాలి. సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం సహాయంగా ఇవ్వాలన్న తీర్మానం ఐక్యరాజ్యసమితిలో 1970లో జరిగింది. స్వీడన్, నార్వే, డెన్మార్క్, లక్సెంబర్గ్ వంటి కొన్ని దేశాలు మాత్రమే దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టుకున్నాయి; మొత్తం మీద చూస్తే అది సగం దగ్గరే ఆగిపోతూ వచ్చింది. 2025 జులైలో అమెరికా తన సహాయ సంస్థనే మూసివేసింది. కానీ నాకు సహాయం తగ్గడం కంటే అప్పుల షరతుల చరిత్రే ఎక్కువ బాధ కలిగిస్తుంది. టాంజానియా 1970లలో ప్రాథమిక విద్యను ఉచితం చేసి దాదాపు పిల్లలందరినీ బడిలో చేర్చుకుంది. 1980లలో అప్పుల ఊబిలో చిక్కి, ఖర్చు తగ్గించుకొమ్మన్న ఒత్తిడిలో ఫీజులు తిరిగి పెట్టింది. పిల్లలు బడి మానేశారు. 2001లో ఆ ఫీజులు మళ్లీ ఎత్తివేశాక లక్షల్లో తిరిగొచ్చారు. ఆ మధ్యలో పెరిగిన పిల్లలు మాత్రం ఎనిమిదేళ్ల వయసుకు తిరిగి వెళ్లలేరు. విద్యే పేదరికానికి విరుగుడని చెప్పే సంస్థలే ఆ విరుగుడుకు ధర పెట్టించిన సంగతి ఇప్పటి నివేదికల్లో ఏదో అధస్సూచికలో కనిపిస్తుంది. ఈ పరిస్థితి పూర్తిగా గతమూ కాదు: విద్య మీద గాని వైద్యం మీద గాని పెట్టేదానికంటే వడ్డీలకు ఎక్కువ కట్టే దేశాల్లో 330 కోట్ల మంది బతుకుతున్నారని ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి విభాగం 2023లో లెక్కగట్టింది.

కెన్యా కూడా అలాంటి ఫీజులనే 2003 జనవరిలో రద్దు చేసింది. మరుసటి ఏడాది ఎల్డొరెట్ దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలకు కిమాని మరూగే అనే వృద్ధుడు నిక్కరు, మేజోళ్లు వేసుకుని వచ్చి ఒకటో తరగతిలో కూర్చున్నాడు. తన వయసు 84 అని చెప్పాడు. బ్రిటిష్ పాలన మీద జరిగిన మౌ మౌ తిరుగుబాటులో పోరాడినవాడు. అంత లేటు వయసులో చదువెందుకని అడిగినవారికి ఆయన జీతం గురించి చెప్పలేదు, దేశాభివృద్ధి గురించీ చెప్పలేదు. పాదిరి చెబుతున్నది బైబిల్లో నిజంగా ఉందో లేదో తానే చదివి చూసుకోవాలన్నాడు. పోరాటయోధులకు పరిహారం వస్తుందంటున్నారు, వస్తే ఆ డబ్బు తన చేత్తో లెక్కపెట్టుకోవాలన్నాడు.